నాలుగు తీగలు, పది వాట్లు

బేస్ గిటార్‌కు సాధారణంగా తీగలు నాలుగు. అందులో లావుపాటి ‘ఇ’ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చిన నాటి నుంచీ అదే లెక్క. గిటార్‌తో కలిపి అమ్మే చవక సెట్టులోని పది వాట్ల ఆంప్లిఫయర్ మాత్రం లెక్కల్లో కాస్త వీక్. దాని బుల్లి స్పీకర్ 41ని దాదాపు మింగేసి దాని రెట్లయిన 82, 123 పలుకుతుంది. మిగతాది చెవే ఊహించుకుంటుంది, ఉచితంగా. వాల్యూమ్ పెంచితే పాటకన్నా ముందు డబ్బా అదురుతుంది. వరంగల్ హైవే పక్కనున్న అన్నోజిగూడలో ఈ సెట్టును కొనేముందు పరీక్షించాలంటే హైవే మీద లారీ, వీధిలో పెళ్లి బరాత్ డీజే రెండూ లేని వేళ చూసుకోవాలి. అలాంటి వేళ దొరికితే ప్రతి మెట్టు దగ్గరా తీగ నొక్కి వినాలి. గరగరమంటే గిటార్ దుకాణంలోనే ఉండనివ్వాలి.