చెంచాలో మాత్ర: సటీకా తాత్పర్యం

మూలం: "మాత్ర చెంచాలో నానేశాను. ఇక మింగెయ్."

సందర్భం: నలభై దాటినా మాత్ర గొంతుకడ్డం పడుతుందని మొండికేసిన జ్వరపీడితుడైన కొడుకుతో తల్లి పలికినది.

టీక: మాత్ర = జ్వరం బిళ్ళ; ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు గనుక, డాక్టరు రాసిన "పూటకు రెండు మాత్రలు" అంటే పూటకొక గురువని ఒక ఛాందసుడి వ్యాఖ్య, గ్రాహ్యం కాదు; చెంచాలో = సుమారు 5 మిల్లీలీటర్లు పట్టే దానిలో, "నీళ్లు" అధ్యాహార్యం; నానేశాను = నాన వేశాను; ఇక = చెప్పడం ఇది మూడోసారి అని ధ్వని; మింగెయ్ = స్పష్టం.

విశేషం: ఈ వాక్యానికి ప్రాణం "నాన" అన్న మాట. "కరిగిందా అమ్మా?" అన్నది కొడుకు పూర్వపక్షం. అది నిలవదు. 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌లో చెంచాడు చన్నీళ్లకు కరిగేది 100 కూడా ఉండదు. మరి బిళ్ళ ఏమైనట్టు? పొడిని అచ్చులో అదిమితే బిళ్ళ; 1843లో ఇంగ్లండులో బ్రాకెడన్ పేటెంటు తీసుకున్న పద్ధతి. ఎంత అదిమినా రేణువుల నడుమ సందులు మిగులుతాయి. ఒత్తి నూనెను పీల్చినట్టు అవి నీటిని పీలుస్తాయి. లోపల కలిపిన గంజిపిండి వంటివి ఉబ్బుతాయి. చెంచాలోకి తొంగిచూస్తే ముందు అంచు పొర్లుతుంది, రెండు బుడగలు లేస్తాయి, ఆపైన బిళ్ళ తడిసిన ముగ్గుపిండిలా కూలబడుతుంది.

సందు సన్నమైతే లాగుడు ఎక్కువే, కానీ దారి ఇరుకు. పండగనాటి బస్సు తలుపు దగ్గర ఎక్కాలన్న ఆత్రానికి లోటుండదు, కదలికే ఉండదు. అందుకే మరీ గట్టిగా అదిమిన బిళ్ళ ఆలస్యంగా నానుతుంది. పైగా రెట్టింపు లోతుకు ఇంకాలంటే నాలుగు రెట్ల సేపు కావాలని 1921లో వాష్‌బర్న్ లెక్కగట్టాడు. చెంచా పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు.

మెల్లగా పనిచేసేలా చేసిన బిళ్ళలకు ఈ మూలం వర్తించదు, వాటిని నానేయకూడదు.

తాత్పర్యం: ఓ కుమారా, నీరు మాత్రను కరిగించలేదు, చొరబడి విడగొట్టింది. మందు చాలావరకు అడుగున పొడిగానే ఉంది. చెంచాలో ఇంకాసిని నీళ్లు పోసి అదీ తాగు. చేదు సంగతి మూలకర్త్రి చెప్పలేదు, టీకాకారుడు చెబుతున్నాడు.

పాఠాంతరం: "కాఫీలో నానేశాను" అని పక్కింటి ప్రతి, ప్రక్షిప్తమని అమ్మ కొట్టేసింది. "ఇక" తర్వాత "చచ్చినట్టు" అన్నది మా ఇంటి ప్రతిలో మాత్రమే కనిపిస్తుంది.