ఆడని బొమ్మకు 85 మార్కులు

బొమ్మకు విలువ కట్టాలా? ముందు చేతులు వెనక్కి పెట్టుకోండి. ముట్టుకోకూడదు. పెట్టె తెరిచారా? అయ్యో, ధర సగానికి పడిపోయింది. ఏమిటీ, ఆడుకున్నారా? ఇక మీతో మాటలేముంటాయి, దయచేయండి.

వస్తువు పేరు ఆప్టిమస్ ప్రైమ్, ట్రాన్స్‌ఫార్మర్స్ అనే బొమ్మల కుటుంబంలోది. ఎర్ర లారీ, మెలికలు తిప్పితే రోబో. 1984లో పిల్లలకని అమ్మిన ఆటబొమ్మ. ఇప్పుడు ఇలాంటి బొమ్మలకు పరీక్షలు పెట్టడానికి సంస్థలున్నాయి. అమెరికాలో యాక్షన్ ఫిగర్ అథారిటీ అని ఒకటుంది. పేరు వింటే అణు ఇంధనం తనిఖీ చేస్తారేమో అనిపిస్తుంది. చేసేది బొమ్మలకు మార్కులేయడం! రుసుము కట్టి పంపితే నూటికి ఇన్ని అని వేసి, అక్రిలిక్ పేటికలో బిగించి తిరిగి పంపుతారు. 85 వస్తే ఇంట్లో పండగ. 80 వస్తే ముఖం మాడిపోతుంది. మనవాళ్లకు ఈ మార్కుల జబ్బు కొత్త కాదనుకోండి. మార్కులేసేవాళ్లు అట్ట మూల నలిగిందా, కిటికీ ప్లాస్టిక్ పసుపెక్కిందా, అన్నీ చూస్తారు. ఒక్కటే చూడరు. లారీ రోబోగా మారుతుందా? పెట్టె తెరిస్తే కదా తెలిసేది!

లోపల సరుకు సంగతి ఇంకా చోద్యం. ఎనభైల చివర్లో, తొంభైల్లో కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను మెరుపు పొడి కలిపిన బంగారు రంగు ప్లాస్టిక్‌తో పోశారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కుతుంది. ఎవరూ తాకకపోయినా సరే. ఓ రోజు కీలు తిప్పితే పటుక్కున విరుగుతుంది. సేకరణదారులు దానికి గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అని రోగం పేరే పెట్టారు. అంటే సీలు తియ్యని పెట్టెలో రోబో ఉందో, రవ్వే మిగిలిందో పైవాడికే ఎరుక. పెట్టె మాత్రం ఫస్ట్ క్లాసులో పాసు.

సరే, పెట్టె తెరిచే తెగువ ఉన్నవాళ్లూ ఉన్నారు. సమీక్షకులు. మడమ పక్కకు ఒరుగుతుందా? మోచెయ్యి ఎంతవరకు వంగుతుంది? వీపు మీద లారీ ముక్కల మూట వేలాడుతోందా? రంగు గీత దాటిందా? బాగానే అడుగుతారు. కీలు వదులైతే కడిగేస్తారు కూడా. కానీ ఆఖరి తీర్పు దగ్గరికొచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట: అచ్చం కార్టూన్‌లో ఉన్నట్టే ఉంది!

ఏ కార్టూన్ బాబూ అది? మొదట ఉన్నది బొమ్మ. జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్ పేరుతో అమ్ముకుంటున్న సరుకు. అమెరికాకు చెందిన హాస్‌బ్రో దాన్ని తెచ్చుకుంది. బొమ్మకు కథ లేదు. కథ అల్లమని మార్వెల్‌కు అప్పగించింది. 1984 సెప్టెంబర్‌లో కార్టూన్ టీవీకెక్కింది. వేల బొమ్మలు గీయాలి కాబట్టి చిత్రకారులు ముఖాన్ని, ఒంటిని గీతలు తగ్గించి నున్నగా చేశారు. మొత్తానికి ఆ కార్టూన్ బొమ్మలమ్మే అరగంట ప్రకటన. మధ్యలో మళ్లీ వేరే ప్రకటనలు! ఇక 2019లో వచ్చిన మాస్టర్‌పీస్ ఎంపీ-44 అనే ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మ చూడండి. విడుదలప్పటి ధర 400 డాలర్ల పైమాటే. గొప్పతనం ఏమిటట? ఆ నున్నటి గీతలను పొల్లుపోకుండా ప్లాస్టిక్‌లో దించడం. బొమ్మను అమ్మడానికి గీసిన ప్రకటనకు నకలుగా ఇంకో బొమ్మ! డబ్బులిచ్చి, చప్పట్లు కూడా మనమే కొడుతున్నాం.

ఇలా కార్టూనే ప్రకటన కావడానికి దారి వేసింది ఎవరు? సర్కారే. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయం మీద ఉన్న హద్దులను 1984లోనే అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఎత్తేసింది. దాని అప్పటి చైర్మన్ మార్క్ ఫౌలర్ గారిది మార్కెట్టే అన్నీ చూసుకుంటుందనే మతం. చూసుకుంది మరి. 1986 సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపేసింది! కథ కోరిందనా? కాదు, దుకాణంలో కొత్త బొమ్మలకు చోటు కావాలి, పాత నాయకుడు తప్పుకోవాలి. హాల్లో పిల్లలు ఘొల్లుమన్నారు. గోల ముదిరాక 1987లో బతికించారు. చావూ స్టాకు రిజిస్టరే, పునర్జన్మా స్టాకు రిజిస్టరే.

ఆ సినిమాలో గ్రహాలను మింగే రాక్షసుడు యూనిక్రాన్. దాని భారీ బొమ్మ కోసం 2019లో హాస్‌బ్రో చందాల పద్ధతి పెట్టింది. 575 డాలర్ల చొప్పున 8,000 మంది ముందే ఆర్డరిస్తేనే తయారీ అంది. ఇన్ని కోట్ల డాలర్ల కంపెనీకి సొంత బొమ్మ మీద సొంత డబ్బు పెట్టే ధైర్యం లేదా? గడువులోగా జనం చాల్లేదు. ఏం చేశారు? గడువే పొడిగించారు. మన టెండర్లను ఊరికే తిడుతున్నాం. ఆర్డరు 2019లో, బొమ్మ 2021లో.

అదే 2019లో హాస్‌బ్రోది ఇంకో ప్రతిజ్ఞ. 2022 చివరికల్లా కొత్త ప్యాకింగ్‌లో ప్లాస్టిక్ దాదాపు మాయం! పెట్టెకు కిటికీ పీకేశారు. లోపల కూర్చున్నది నిలువెల్లా ప్లాస్టిక్. దాని మాట ఎవరూ ఎత్తలేదు. 2023లో కిటికీ నిశ్శబ్దంగా కాదు, ప్రకటన చేసి మరీ తిరిగొచ్చింది. ఈసారి మొక్కల నుంచి తీసినదో, రీసైకిల్ చేసినదో అట. పుడమితల్లి ఊపిరి పీల్చుకునే ఉంటుంది!

మన దగ్గరికి రండి. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎగబాకింది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. జపాన్ మాస్టర్‌పీస్ పెట్టె మీదేమో 15 ఏళ్లు పైబడినవారికి అని ఉంటుంది. మరి ఇది ఎవరి బొమ్మ? ఈ తగువు తేలేదాకా హైదరాబాద్ సేకరణదారుడికి దిక్కు డాలస్ బావమరిది సూట్‌కేసు. ఆయన ఆవకాయ తీసుకెళ్లిన సూట్‌కేసులోనే తిరుగు ప్రయాణంలో బొమ్మ. "బావా, అట్టపెట్టె చోటు తినేస్తోందని పారేశా" అంటాడు చల్లగా. పాపం, తను పారేసింది సగం ధర అని ఆయనకేం తెలుసు?

కొత్త వింత ఇంకోటుంది. 2021లో రోబోసెన్ కంపెనీ ఆప్టిమస్ ప్రైమ్‌ను మోటార్లతో దించింది. అప్పటి ధర దాదాపు 700 డాలర్లు. నోటితో ఆజ్ఞాపిస్తే చాలు, లారీ తనంతట తానే లేచి రోబో అవుతుంది. నడుస్తుంది, మాట్లాడుతుంది. ఆటంతా అదే ఆడుకుంటుంది. పిల్లాడి పని పక్కన కూర్చుని చార్జింగ్ పెట్టడమే. ఆ పిల్లాడికి నలభై దాటి చాలా కాలమైంది, కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడు.