రెండు మైక్రాన్ల పని: ఒక పాలిషర్ ఆత్మకథ

విశాఖపట్నం జ్ఞానాపురంలో ఒక ఇంటి పోర్టికో కింద పనిచేసే పాలిషర్ యంత్రం చెబుతున్న కథ ఇది. ‘నేను’ అనకుండా, పక్కన నిలబడి చూసినట్టు చెప్పుకోవడమే దానికి ఇష్టం. ఎందుకంటే ఈ కథలో దానికన్నా కారు పైపొరే ముఖ్యం.

ఆ కారు ముదురు నీలం హ్యాచ్‌బ్యాక్. కొన్న కొత్తలో బానెట్‌లో ముఖం కనిపించేదట. పాలిషర్ వచ్చేనాటికి ట్యూబ్‌లైటు వెలుగు పడితే చాలు, బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు. నిజానికి అవి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులకూ ఉన్న సన్నని గీతల్లో, దీపం వెలుగును కంటివైపు తిప్పికొట్టేవి మాత్రమే వలయాల్లా కనిపిస్తాయి. దీపాన్ని పక్కకు జరిపితే వలయాలూ దానితోపాటే జరుగుతాయి.

అవి పడింది రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడవడం వల్ల. రేవు వైపు నుంచి గాలికి వచ్చే బొగ్గుపొడి, ఇనుప ఖనిజం ధూళి, తీరపు ఇసుక గుడ్డకూ రంగుకూ మధ్య చిక్కుకుని, తుడిచిన ప్రతిసారీ గీసుకుంటూ పోయాయి. యజమాని కారును నిర్లక్ష్యం చేసినవాడు కాదు. ప్రేమగా తుడిచినందువల్లే అది మసకబారింది.

ఆయన రిటైరైన ఉద్యోగి. అంతకుముందు ఒకసారి ఊళ్లోని ఒక షెడ్డులో డబ్బిచ్చి రబ్బింగ్ చేయించారు. ఇంటికొచ్చేసరికి కారు ధగధగలాడింది. రెండు మూడు సార్లు కడిగాక గీతలన్నీ తిరిగొచ్చాయి. కొన్ని పాలిష్‌లలో నూనెలు, పూడికలు ఉంటాయి. అవి గీతలో నిండి దాన్ని కనబడనివ్వవు, నీళ్లకూ షాంపూకూ కొట్టుకుపోతాయి. గీతను దాచడం వేరు, తీసెయ్యడం వేరు. ఆయన కూతురు ఆ తేడా తెలుసుకుని ఈ పాలిషర్‌ను కొనిపించింది.

తీసెయ్యడమంటే ఏమిటో చెప్పాలంటే రంగు పొరల దగ్గరికి వెళ్లాలి. ఇప్పటి కార్లలో ఉక్కురేకు మీద తుప్పును ఆపే పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్‌కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా ఫ్యాక్టరీ రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్‌కోట్ వాటా 35 నుంచి 50. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి, కారు మెరుపంతా వెంట్రుకకన్నా సన్నని పొరలో ఉన్నట్టు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలూ ఆ పొరలోనే ఉంటాయి. కాంపౌండ్ అనే గరుకు పాలిష్‌తో గట్టిగా ఒక విడత కోస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. గీత చుట్టూ ఉన్న పొరను గీత అడుగు దాకా దించితేనే గీత మాయమవుతుంది. అందుకే పాలిషర్ తనను మెరుపునిచ్చే యంత్రంగా ఎప్పుడూ అనుకోలేదు. ఉన్న కొద్దిపాటి నిల్వలోంచి ఖర్చుపెట్టే యంత్రం అది. ఆ ఖర్చు ఎంత తక్కువైతే అంత మంచి పని చేసినట్టు లెక్క.

దాని వంశంలో పెద్దది రోటరీ. ప్యాడ్‌ను ఒకే ఇరుసు మీద మోటారు బలంతో తిప్పుతుంది, ఎంత నొక్కినా ఆగదు. ఆరితేరిన చేతిలో అద్భుతంగా కోస్తుంది. కొత్తవాడి చేతిలో ఒకేచోట వేడి పుట్టించి, డోరు అంచున రంగును ప్రైమర్ దాకా తినేస్తుంది. ఈ కథ చెబుతున్నది డ్యుయల్ యాక్షన్ రకం. దీని ప్యాడ్ ఇరుసు మోటారు ఇరుసుకు పక్కగా ఉంటుంది. ప్యాడ్ చిన్న వలయంలో ఊగుతూనే తన బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. ఊగే వలయం వెడల్పును బట్టి 8, 15, 21 మిల్లీమీటర్ల యంత్రాలు దొరుకుతాయి. ఎక్కువ నొక్కినా, ప్యాడ్‌ను వాల్చినా తిరగడం ఆగి, ఉత్త ఊగడమే మిగులుతుంది. కోత దాదాపు ఆగిపోతుంది. ఇది లోపం కాదు, పైపొరకు రక్ష. తిరుగుతోందో లేదో తెలియడానికి కూతురు ప్యాడ్‌ను పట్టి ఉంచే బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక నల్లగీత గీసింది.

యంత్రాన్ని ప్లగ్‌కి పెట్టకముందే సగం పని అయిపోవాలి. ముందు షాంపూతో కడిగారు. తర్వాత ఇనుప రేణువులను కరిగించే ద్రవం చల్లారు. రేవు దగ్గర పెరిగిన కారు కాబట్టి డోర్ల మీద ఊదారంగు చారలు కారాయి. ఘాటైన గంధకపు వాసన. ఆ చారలన్నీ రంగులో గుచ్చుకున్న ఇనుము! మిగిలినదాన్ని తడి మీద క్లే బార్ అనే బంకమట్టిలాంటి ముద్దను జార్చి లాగారు. క్లే ముక్క కింద పడితే మళ్లీ వాడకూడదు. దానికంటుకున్న ఒక్క ఇసుకరేణువు కొత్త గీతలు పెడుతుంది. ఆఖరున రబ్బరు బీడింగులకూ నల్ల ప్లాస్టిక్‌కూ మాస్కింగ్ టేపు వేశారు. ఆమె గాజులు తీసి పక్కన పెట్టింది, వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుంది.

పొద్దుటి నీడలో, రేకు చల్లగా ఉండగానే, బానెట్ మీద రెండడుగుల చదరంలో పరీక్ష మొదలైంది. మెత్తని ప్యాడ్, సన్నని పాలిష్. బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. తక్కువ వేగంలో పరిచి, తర్వాత వేగం పెంచి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, నిదానంగా. తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి టార్చి వేసింది. నూనె మెరుపు పోయాక మిగిలేదే నిజం. గీతలు తగ్గాయి గాని పోలేదు. అప్పుడే కాంపౌండ్ సీసా తీసింది. ఈ వరుస తిరగబడకూడదని పాలిషర్ గట్టిగా నమ్ముతుంది. మెత్తటిది చాలనప్పుడే గరుకుది.

తండ్రి ఒక డోరు తాను పట్టారు. ఆత్రంగా నొక్కారు. నల్లగీత ఆగిపోయింది.

“ఇంకాస్త నొక్కితే గీత పోదేంటమ్మా?”

“నొక్కకు నాన్నా, దాని బరువే చాలు. ప్యాడ్ తిరగనియ్యి.”

ఆయన చెయ్యి సడలించారు, గీత మళ్లీ తిరిగింది. బంపరు దగ్గర ఇంకా జాగ్రత్తపడ్డారు. ప్లాస్టిక్ వేడిని ఉక్కులా పంచుకోదు, అక్కడ రంగు త్వరగా కాలుతుంది. డోర్ల అంచుల్లో, బానెట్ మడతల మీద పొర సన్నంగా ఉంటుంది, వాటిని యంత్రంతో తాకనే లేదు. ఒక్కో భాగం అయ్యాక ప్యాడ్‌లో పేరుకున్న పొడిని బ్రష్‌తో దులిపారు.

వెనక ఎడమ డోరు మీద ఒక లోతైన గీత ఉంది. గోరు నడిపితే తట్టుకుంటుంది. అలాంటిది సాధారణంగా పాలిష్‌తో పోనంత లోతుగా ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయబోతే ఆ చుట్టూ క్లియర్‌కోట్ మొత్తం పోవచ్చు. దాన్ని వదిలేశారు. కారు కలర్ కోడ్ చూసి టచప్ రంగు తెచ్చుకోవాలి. పాలిషర్‌కు అక్కడ పనిలేదు.

చివర మెత్తని ప్యాడ్‌తో ఫినిషింగ్, ఆపైన సీలెంట్ పూత. పొడిగుడ్డ ఆ ఇంట్లో ఇక కారు జోలికి రాలేదు. రెండు బకెట్లు వచ్చాయి, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి.

నీలం కారు మెరుపు చూసి పక్కింటి తాతగారు తన తెల్ల అంబాసిడర్‌ను తెచ్చి నిలబెట్టారు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన ఆ కారు రంగు వేరే జాతి. పైన క్లియర్‌కోట్ లేదు, రంగే ఆఖరి పొర. ఎండకు ఆక్సీకరణ చెంది సుద్దలా రాలుతోంది. మొదటి చదరానికే ప్యాడ్ తెల్లబడితే తాతగారు కంగారుపడ్డారు. నీలం కారు మీద ప్యాడ్ నీలంగా మారి ఉంటే ఆ కంగారు సబబే. క్లియర్‌కోట్ దాటిపోయిందని అర్థం. ఇక్కడ చచ్చిన రంగు రావడం సహజమే. అయితే ఏళ్ల తరబడి ఎన్నిసార్లు రంగు వేయించారో, లోపల పుట్టీ ఎంతుందో తాతగారికీ గుర్తులేదు. ఆమె మెత్తని ప్యాడ్‌నే ఉంచి, కాంపౌండ్ సీసా మూత తీయకుండానే పైకప్పు దాకా వెళ్లింది.