దొంగ దొరికాడు, ఏక్‌బాల్‌పూర్‌లో

ధరలు పెంచిన దొంగ ఎట్టకేలకు దొరికాడు. ఎక్కడో కాదు, కోల్‌కతాలో, ఖిదిర్‌పూర్ డాక్ పొరుగున, ఏక్‌బాల్‌పూర్‌లో. నెత్తిన తలగుడ్డ, దానిమీద బస్తా. పారిపోవడానికి ప్రయత్నించలేదు. బస్తా దించితేగాని పరిగెత్తలేడు, దించితే ఆ పూట కూలి పోతుంది.

టీవీలో కూర్చున్న పెద్దలు అతని మీద రెండు నేరాలు మోపారు. మొదటిది: వీడు ఊరుకాని ఊరొచ్చి, ఎంతిస్తే అంతకు ఒప్పుకుని, ఇక్కడివాళ్ల కూలి పడగొట్టాడు. రెండోది: వీడు కూలి పెంచమని అడిగి, ఆ పెంపు సరుకు మీద పడేలా చేసి, ధరలు లేవగొట్టాడు. రెండూ ఒకే మనిషి మీద, ఒకే సాయంత్రం. కూలి తగ్గించినవాడే కూలి పెంచాడన్నమాట! ఏ మేజిస్ట్రేటు ముందు పెట్టినా మొదటి వాయిదాలోనే కొట్టేసే కేసు ఇది. కానీ ద్రవ్యోల్బణం కేసులు కోర్టుకు వెళ్లవు. రెండు ప్రకటనల మధ్య తీర్పు వచ్చేస్తుంది.

మూడో నేరం కూడా ఉందండోయ్. వీడొచ్చి అద్దెలు పెంచాడట. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు నడుం వాలుస్తాడు. ఇద్దరి దగ్గరా తలకింతని వసూలు చేసే ఇంటి ఆసామి మాత్రం ఈ కేసులో సాక్షి.

ముద్దాయి భాషా, మతమూ, జిల్లా అప్పుడప్పుడూ మారుతుంటాయి. మోసే బరువు మారదు. వందేళ్ల కిందట ఈ వరసలో నిలబడ్డవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. గార్డెన్ రీచ్ ప్రధాన కార్యాలయంగా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే వెంట గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకీ, హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకీ చేరారు. అందరికీ కలిపి ఒకటే పేరు పెట్టారు: మద్రాసీ. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గానికి తెలుగు మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టి అధికార భాష హోదా ఇచ్చింది. అసెంబ్లీ ఎన్నికలు అప్పటికి కొద్ది నెలల దూరంలో ఉండటం పూర్తిగా యాదృచ్ఛికం. ఇక 2025లో వంతు తిరగబడింది. మాల్దా, ముర్షీదాబాద్ నుంచి పనికోసం వెళ్లిన కూలీలను, నోరు తెరిస్తే బెంగాలీ వచ్చిందన్న నేరానికి, పరాయి రాష్ట్రాల్లో పట్టుకుని కాగితాలు అడిగారు.

ఎవరూ కాగితాలు అడగని పరాయివాడు కూడా ఒకడున్నాడు. ఆకివీడు, భీమవరం చెరువుల్లో పుట్టి, ఐసుపెట్టెలో పడుకుని, లారీలో హౌరా మార్కెట్‌కి దిగే రోహు. బెంగాలీ బాబు దాన్ని ‘చాలానీ మాఛ్’ అంటాడు, రుచి లేదని మూతి విరుస్తాడు, ముల్లు తప్ప ఏమీ మిగల్చకుండా తింటాడు. ఆ చేప బెంగాల్ చేప ఉద్యోగం లాక్కుందని ఊరేగింపు తీసినవాడు లేడు. లారీ రాకపోతే ధర లేస్తుంది, వస్తే దిగుతుంది, చేపలమ్మే ఆమెను అడిగినా చెబుతుంది. 2024లో బెంగాల్ ప్రభుత్వం తన బంగాళాదుంప లారీలను సరిహద్దులో ఆపేస్తే, అటు ఒడిశాలో దుంప ధర భగ్గుమంది. అంటే చేప వస్తే ధర తగ్గుతుంది, దుంప వస్తే ధర తగ్గుతుంది, ఆ చేపనీ దుంపనీ దించే చేతులొస్తే మాత్రం ధర పెరుగుతుంది! ఈ సూత్రం ఏ విశ్వవిద్యాలయంలో పుట్టిందో గాని, మార్కెట్‌లో మాత్రం పుట్టలేదు.

సరే, కూలి పెంచాడన్న నేరానికి సాక్ష్యం చూద్దాం. 2017లో జాతీయ కనీస కూలి రోజుకు 176 రూపాయలు. అది కూడా చట్టం కాదు, సలహా. 2019లో ప్రభుత్వమే వేసిన నిపుణుల సంఘం లెక్కలు కట్టి 375 ఉండాలంది. ప్రభుత్వం దీర్ఘంగా ఆలోచించి 178 చేసింది. రెండు రూపాయలు. దేశంలో ధరల సుడిగుండం ఆ రెండు రూపాయల చుట్టూ తిరిగిందని మనం నమ్మాలి. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయనీ, వాటిలో ఉద్యోగాలు ఒకటిన్నర శాతమే పెరిగాయనీ ఆర్థిక సర్వేనే రాసింది. ఆ లాభం ఎవరి జేబులోంచి వచ్చిందో విచారించడానికి మాత్రం దర్యాప్తు అధికారులు ఏక్‌బాల్‌పూర్ రారు. 2020 మే నెలలో ప్రపంచమంతా చమురు ధర పడిపోయి ఉంటే, మన దగ్గర లీటరు పెట్రోలు మీద పది రూపాయలు, డీజిలు మీద పదమూడు రూపాయలు పన్ను పెంచారు. డీజిలు పోసుకోని లారీ ఏదైనా ఉంటే, దాంట్లో వచ్చిన సరుకుకే ఆ పెంపు అంటలేదు.

2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగిందని చప్పట్లు కొట్టారు. అంతకు ఏడాది ముందు అదే నెలలో 6.21 శాతం. ముందు ఏడాది ఎక్కిన మెట్టు మీదనే నిలబడి కొలుచుకుని, ఈ ఏడు ఎక్కలేదు చూశారా అన్నారు. కూరగాయలు నిజంగానే పడ్డాయి, పండించినవాడితో సహా. చిత్రమేమిటంటే, ధర పెరిగిన నాడు ముద్దాయిగా పిలిచిన మనిషిని ధర తగ్గిన నాడు ఎవరూ దండకు పిలవలేదు.

కూలి పెరిగితేనే ధర పెరుగుతుందని ప్రమాణం చేసేవాళ్లు 1943 కరువులో కలకత్తాలో ఉండవలసింది. యుద్ధానికి కావలసిన సరుకంతా ఇంగ్లండు ఇక్కడ కొంది, బాకీ లండన్ పుస్తకాల్లో రాసుకుంది, ఇక్కడ నోట్లు అచ్చువేయించింది. బర్మా బియ్యం జపాను వశమైంది. 1942 అక్టోబరులో తుపాను మిడ్నపూర్‌ని ఊడ్చేసింది. శత్రువుకు చిక్కకూడదని కోస్తా పల్లెల పడవల్ని సర్కారే లాక్కుంది. కలకత్తాలో మణుగు బియ్యం 1942 డిసెంబరులో పదమూడు, పద్నాలుగు రూపాయల మధ్య ఉంటే, మరుసటి ఆగస్టుకు ముప్పై ఏడయింది. పొలం కూలీ కూలి ఆ పరుగు అందుకోలేకపోయింది. ఓడలు కదలాలి కాబట్టి నగరంలో డాక్, రైల్వే, ఫ్యాక్టరీ పనివాళ్లకు చవక బియ్యం ఏర్పాటు చేశారు. పల్లె కూలీ నడుచుకుంటూ నగరానికొచ్చి, అన్నం అడిగే ధైర్యం లేక, గంజి అడిగాడు: ‘ఫ్యాన్ దావ్ మా.’ అప్పుడూ వాడు బయటివాడే. ఆర్డినెన్సు తెచ్చి మరీ వాళ్లను పేవ్‌మెంట్ల మీంచి ఏరి ఊరవతలికి పంపారు. కరువు విచారణ కమిషన్ లెక్కకు పదిహేను లక్షలమంది, అమర్త్య సేన్ లెక్కకు సుమారు ముప్పై లక్షలమంది పోయారు. డిసెంబరు 5న జపాను విమానాలు ఖిదిర్‌పూర్ డాక్ మీద బాంబులు వేశాయి. చవక బియ్యం తిన్నవాళ్లలో కొందరికి ఆ రోజు సర్కారు రుణం తీరిపోయింది. ఆ ఏడు ధరలు ఎవడి కూలి పెంచిందో టీవీ పెద్దలు సెలవివ్వాలి.

పదేళ్లకు ఇదే నగరం ఇంకో పద్ధతి చూపించింది.  1953 జులైలో లండన్ వాళ్ల ట్రాము కంపెనీ రెండో తరగతి టికెట్టు మీద ఒక్క పైసా పెంచింది. నగరం అట్టుడికింది. ట్రాములు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి, జైళ్లు నిండాయి, చివరికి పైసా వెనక్కి పోయింది. తగలబెట్టడం మంచి పనని నేననను. కానీ ఆ జనానికి టికెట్టు మీద కంపెనీ పేరు చదవడం వచ్చు. పక్క సీటులోని బీహారీ కూలీని దింపేస్తే పైసా తగ్గుతుందని వాళ్లెవరూ అనుకోలేదు.

అయినా పెద్దలు పట్టుబడితే, కూలిని కట్టేసే ఉపాయం ఈ నది ఒడ్డునే ఉంది. 1834లో కలకత్తా మేజిస్ట్రేటు ఎదుట ఒప్పందం చేసుకుని 36 మంది అట్లాస్ ఓడలో మారిషస్ చెరకుతోటలకు పోయారు. నెలకు ఐదు రూపాయలు, ఐదేళ్లు. లోకంలో ధరలు ఎటుపోయినా ఆ ఐదు కదలదు. ఆ కాగితాన్ని దుమ్ము దులిపి మళ్లీ అమలు చెయ్యవచ్చు, ఒక్క సవరణతో. ఆ ఒప్పందంలో జీతం కాక బియ్యం, పప్పు, ఉప్పు కూడా కొలిచి ఇవ్వాలని రాసుంది. బియ్యం ధర పెరిగితే ఆ నష్టం తోట దొర మీద పడేది. ఆ ఒక్క ముక్కా కొట్టెయ్యాలి. మన దొరలు అంత నష్టానికి తట్టుకోలేరు.