మిణుగురు మైలేజీ

కొత్త అణువు పుట్టిందంటే ముందు ఫొటో దిగాలి. చీకటి గది, అతినీలలోహిత దీపం, దాని కింద చిన్న గాజుసీసా. సీసాలో టోలుయీన్, అందులో చిటికెడు పొడి. నీలంగా వెలిగిపోతుంటుంది. ఆ ఫొటో పరిశోధన పత్రానికి నుదుటి బొట్టు. ఇక చివరి వాక్యం చదవకుండానే చెప్పొచ్చు: ఈ పదార్థం ఫోన్ తెరల్లో వెలిగే ఓఎల్‌ఈడీలకు ఎంతో ఆశాజనకం.

1987లో కోడక్‌లో టాంగ్, వాన్‌స్లైక్ అలాంటి ఓఎల్‌ఈడీతో పది వోల్టుల లోపే పచ్చటి వెలుగు తెప్పించారు. సామర్థ్యం 1 శాతమేనని రాసుకున్నారు, వెలుగు మాత్రం వెయ్యి నిట్లు (ప్రకాశానికి కొలమానం) దాటించారు. పాతకాలం మనుషులు!

ఆ వెలుగు ఫ్లోరసెన్స్. దానికి పుట్టుకతోనే ఓ శాపం ఉంది. కరెంటు పుట్టించే ఉత్తేజ స్థితుల్లో నాలుగింట ఒకటే సింగ్లెట్, వెలిగేది అదే. మిగతా మూడూ ట్రిప్లెట్లు, వేడిగా వృథా. 2012లో క్యూషూ విశ్వవిద్యాలయంలో అదాచి బృందం ఆ మూడింటినీ గది వేడిమితోనే సింగ్లెట్లుగా మార్చి చూపించింది. దండం పెట్టాల్సిన పని. తిరనాళ్లు మొదలైంది ఆ తర్వాతే.

సామర్థ్యం 30 శాతం దాటిందని ప్రతి కొత్త పత్రం శీర్షిక అరుస్తుంది. గ్రాఫు దగ్గరికి జరిగి చూడండి. ఆ శిఖరం ఎడమ అంచున, దీపం వెలిగిందో లేదో తడుముకోవాల్సినంత మసకలో ఉంటుంది. ఎండలో ఫోన్ చదవాలంటే కావాల్సిన వెయ్యి నిట్ల దగ్గరికొచ్చేసరికి గీత నేలచూపులు చూస్తుంది. ట్రిప్లెట్లు సింగ్లెట్లయ్యే వంతు కోసం మైక్రోసెకన్ల పాటు నిలబడాలి మరి; కరెంటు పెంచితే రేషన్ షాపు క్యూలా కిక్కిరిసి ఒకదాన్నొకటి తొక్కి చంపుకుంటాయి. దిగుడు రోడ్డు మీద ఇంజిను ఆపేసి బైకు మైలేజీ కొలిచినట్టుంది వ్యవహారం.

ఇక ఆయుష్షు. నీలం కాంతికణం ఒక్కోదాని శక్తి దాదాపు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. అణువులో బలహీనమైన బంధం తెగడానికి అది చాలు. ఎన్ని గంటలు వెలిగిందయ్యా అంటే, పెళ్లిచూపుల్లో అబ్బాయికి అప్పులెన్ని అని అడిగినంత నిశ్శబ్దం. పత్రం అనుబంధంలో వెతికినా దొరకదు. అందుకే చాలా ఫోన్లలో నీలం పిక్సెల్ ఇప్పటికీ ఆ పాత ఫ్లోరసెన్స్‌దే. పేదవాడే, కానీ ఏళ్ల తరబడి పనికొస్తాడు.

ఆ మధ్య రివ్యూకొచ్చిన ఓ పత్రానికి నేను రాసింది ఒకే ప్రశ్న: ఎన్ని గంటలు?

నెల తర్వాత జవాబుగా కొత్త ఫొటో వచ్చింది. ఈసారి సీసాలు మూడు.