జారుగారి సీసా

పరమశ్రేష్ఠమైన షాంపేన్‌కు ఆ శ్రేష్ఠత్వము ద్రాక్షతోటలోని సున్నపు మట్టి వలన కలుగునని ఫ్రెంచివారు చెప్పుదురు. కొబ్బరికాయల బేరము నుండి డాలర్ల బేరము దాకా ఎదిగి, విమానాశ్రయపు దుకాణములో కొన్న సీసాతో అమలాపురమునకు దయచేసిన మన పెద్దమనుష్యులు, డాబా మీద నిలిచి పొడుగుకాడ గ్లాసు చేతబట్టి, అదే మాటను ఫ్రెంచివారి కంటె గంభీరముగా చెప్పుదురు. నేనా మట్టిని నిందింపను. అచ్చటి నేల సున్నపు నేలయే, అందు పండు ద్రాక్ష మంచి ద్రాక్షయే. కాని వారు సాధారణముగా చూపి మురియు క్రిస్టల్ అను సీసాకు ప్రతిష్ఠ కలిగినది మట్టి వలన గాదు. ఒక చక్రవర్తి ప్రాణభయము వలన.

రాన్స్ నగరమున 1776లో నెలకొని, 1833 నుండి లూయీ రోదరేర్ అను పేర వర్ధిల్లుచున్న సంస్థకు రష్యా జారు రెండవ అలెగ్జాండరు ఘనమైన ఖాతాదారు. షాంపేన్ సీసాలో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి ఇంచుమించు ఆరు రెట్లుండును గనుక, దళసరి గాజుతో, అడుగున లోనికి పెద్ద గుంట పెట్టి, ముదురాకుపచ్చ రంగున దానిని పోయుట వాడుక. ఆ గుంటలో ఎవడేని బాంబు దాచునేమో, ఆ చీకటిరంగు చాటున విషము కలుపునేమో యని జారుగారికి సందేహము కలిగినదట. అంతట 1876లో అడుగు చదునుగా, ఆవలివాని మొగము కనబడునంత స్వచ్ఛముగా ప్రత్యేకముగ సీసాలు చేయించి, ఏరికోరిన మద్యమును అందు నింపి పంపిరి. అయిదేండ్లు గడచెనో లేదో, 1881 మార్చిలో, సెయింట్ పీటర్స్‌బర్గు వీధిలో జారుగారిని బాంబు వేసియే చంపిరి. బాంబు సీసా అడుగున రాలేదు, విప్లవకారుని చేత వచ్చినది. సీసా తన ధర్మమును అక్షరాలా నిర్వర్తించినదని ఒప్పుకొనక తప్పదు.

ఇంతలో మరియొక చిక్కు. గాజు స్వచ్ఛమైనచో వెలుతురు లోనికి పోయి రుచిని చెరచును; అందుచేత నేడా సీసాకు బంగారు వన్నె పలుచని కాగితము చుట్టి అమ్ముచున్నారు. లోపలిది కనబడవలెనని చేసిన సీసాను కనబడకుండ కప్పి, ఆ కప్పినదానినే వైభవచిహ్నముగ ఊరేగించుట కంటె దిట్టమైన వర్తకమును నేనెరుగను.

రుచి మాటకు వత్తము. నాడు రష్యాకు పంపిన షాంపేన్‌లో లీటరుకు 200 గ్రాములకు మించి చక్కెర కలుపుచుండిరి. నేడు క్రిస్టల్ మీద వ్రాసియుండు ‘బ్రూట్’ తరగతికి చట్టము అనుమతించునది 12 గ్రాములకు లోపు. చక్రవర్తి త్రాగినదే మేమును త్రాగుచున్నామని పొంగిపోవువారి గ్లాసులో నిజముగ ఆనాటి సరుకే పోసినచో, శ్రీరామనవమి పానకమేమి యిట్లు నురుగు కట్టినదని అడిగి క్రింద పెట్టుదురు. 1917 విప్లవముతో రష్యా గిరాకీ అంతరింపగా, 1945 నుండి దీనిని సామాన్యులకు గూడ అమ్ముచున్నారు. సామాన్యులనగా ధనికులైన సామాన్యులని గ్రహింపుడు. తరువాత అమెరికా పాటగాండ్రు దీనిని నెత్తికెత్తుకొనిరి. ఆ ఆదరమును గూర్చి సంస్థాధిపతి పలికిన పలుకులు తమను చులకన చేయుచున్నవని, 2006లో జే జీ అను గాయకుడు దీనిని బహిష్కరించెను. జారు కొన్నచో కీర్తి, పాటగాడు కొన్నచో ఇబ్బంది!

ఇక మన తాటిచెట్టు. పులియుట యను వ్యాపారము రాన్స్ నేలమాళిగలోను రాజోలు తాటితోపులోను ఒక్కటియే: సూక్ష్మజీవి చక్కెరను తినును, మత్తును, వాయువును విడుచును. ఒకే యేటి పంటతో చేసిన షాంపేన్‌ను కనీసము మూడేండ్లు నిలువయుంచవలెనని వారి చట్టము. మన కల్లు తెల్లవారకమునుపే చెట్టు మీది కుండలో పొంగును. ఏ సంవత్సరపుదని దానిని అడుగువాడు లేడు. ఉదయపుదా, సాయంకాలపుదా యని మాత్రము అడుగుదురు. ఆ ప్రశ్నకు గీతకార్మికుడు చెప్పు సమాధానము రాన్స్ పండితుల సమాధానము కంటె నమ్మదగినది, ఏలయన తప్పు చెప్పినచో ఆ పూటకాపూట పట్టుబడును. అయినను 1948లో మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము అమలైనప్పుడు ఇచ్చట కల్లు గీసినవాడు నేరస్థుడైనాడు. గౌతమికి ఆవలియొడ్డున యానాం 1954 జూన్ వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే అచ్చట ఆ నేరము లేదు. ఏటికి ఈవలి నురుగు పాపము, ఆవలి నురుగు నాగరకత! నేడును ఎదుర్లంక నుండి బాలయోగి వంతెన దాటి యానాం పోవువారు కలరు. వారు పోవునది చవక కొరకు, ఆ సంగతిని దాచుకొనరు. వారియందు నాకు గౌరవము కలదు.

మనకు మాత్రము బడాయి లేదా యందురేమో. పుస్తెలమ్మియైనను పులస తినవలెనన్న గడ్డ మీద పుట్టి ఆ మాటను కాదనుట యెట్లు? వరద గోదావరి కెదురీదిన చేప యని ఒడిశా సరుకును అంటగట్టినను కొని, ఎంతకు కొన్నదియు చెప్పకుండ పులుసు వడ్డించిన గృహస్థుని నేనింకను చూడవలసియున్నది. కాని మోసపోయినవాడును తుదకు చేపనే తినును. ముల్లు గ్రుచ్చుకొన్నచో చేప ముల్లే గ్రుచ్చుకొనును. షాంపేన్ భక్తుని గ్లాసులో ధరను తీసివేసిన పిమ్మట మిగులునదేమి?

దీనిని తేల్చుట కష్టము గాదు. క్రిస్టల్ ఒక గ్లాసులోను, మన నాసిక్‌లో తయారగు నురుగు ద్రాక్షమద్యము మరియొక గ్లాసులోను, సీసాలు లోపలి గదిలో దాచి, వెల తెలియని ఇల్లాలి చేత పోయించుడు. గుర్తుపట్టినవారికి నా నమస్కారము. గుర్తుపట్టలేనివారు రెండవ సీసాతోనే పండుగ కానిచ్చి, మొదటిదానిని కాగితము విప్పకుండ అద్దాల బీరువాలో నిలుపుడు. అది చేయబడినది చూచుటకే.