బోణీ వద్దన్న కొట్టు

నా వెడల్పు 300 చుక్కలు, ఎత్తు 250. ముగ్గు చుక్కలు కావు, తెర మీది పిక్సెళ్లు. ఆన్‌లైన్ ప్రకటనల వ్యాపారంలో ఉన్నవాళ్లు నన్ను మీడియం రెక్టాంగిల్ అంటారు. మా మాస్టారి భార్య మాత్రం "ఆ డబ్బా" అంటుంది. భీమవరంలో తెలుగు పండితుడిగా రిటైరైన మాస్టారు పదో తరగతి పిల్లల కోసం ఒక వెబ్‌సైటు నడుపుతున్నారు. అందులో సవర్ణదీర్ఘ సంధికీ గుణసంధికీ మధ్య నా కాపురం. నాకంటూ సొంత ముఖం లేదు. అద్దెకు ఎవరు దిగితే వాళ్ల ముఖమే నాది.

నేను పుట్టింది 2018లో. సైట్లలో ప్రకటనలు వేసే గూగుల్ వారి యాడ్‌సెన్స్ 2003లోనే మొదలైనా, తెలుగు పేజీలకు అందులో చోటు దొరకడానికి పదిహేనేళ్లు పట్టింది. హిందీకి 2014లోనే దొరికింది లెండి. అప్పటిదాకా డొమైనుకూ హోస్టింగుకూ మాస్టారు పెన్షన్లోంచే కట్టేవారు. మేనల్లుడు వచ్చి నాలుగు లైన్ల కోడ్ అతికించి, "మామయ్యా, ఇక దీని తిండి ఇదే సంపాదించుకుంటుంది" అన్నాడు.

నాలో అద్దెకు దిగడమంటే వేలంపాట. నరసాపురంలో ఒక పిల్ల ఫోన్లో పేజీ తెరుస్తుంది. అక్షరాలు పూర్తిగా పరుచుకునేలోపే పాట మొదలై, ముగిసి, గెలిచినవాడు నాలో కూర్చుంటాడు. చీరల కొట్టు కావచ్చు, కోచింగ్ సెంటర్ కావచ్చు. అదే క్షణంలో డాలస్‌లో ఇంకో పిల్ల అదే పాఠం తెరిస్తే అక్కడ వేరే పాట, వేరే ముఖం. అక్కడి పాట మన పాట కన్నా బాగా పైన పలుకుతుంది. గుణసంధి ఒకటే, అద్దెలు వేరు.

ఖాతాలో పది డాలర్లు చేరాక ఇంటి చిరునామా నిజమో కాదో తేల్చుకోవడానికి కంపెనీ పోస్టులో కవరు పంపింది. అందులో ఆరంకెల పిన్. మాస్టారు దాన్ని భగవద్గీతలో దాచారు. వంద డాలర్లు నిండితే గాని డబ్బు చేతికి రాదు. అది నిండడానికి మాకు పదకొండు నెలలు పట్టింది.

మేనల్లుడికి ఆగలేదు. నా నెత్తిన ఎర్ర అక్షరాలతో "మా సైటుకు సాయపడండి, ఇక్కడ నొక్కండి" అని రాశాడు. సంధుల పీడీఎఫ్‌కు పెట్టిన డౌన్‌లోడ్ బటన్ పక్కకు నన్ను జరిపాడు. పిల్లలు పీడీఎఫ్ అనుకుని నన్ను నొక్కేవారు, చీరల కొట్టులో తేలేవారు. నాకు సిగ్గుగా ఉండేది. వారం తిరక్కుండానే మాస్టారు కళ్లజోడు సవరించుకుని నియమావళి మొత్తం చదివారు. యతి తప్పితే ఊరుకోని మనిషి. ప్రకటన మీద "ప్రకటనలు" అనే అర్థం వచ్చే మాట తప్ప ఇంకో ఊరింపు ఉండకూడదు, బటన్ల పక్కన ఇరికించకూడదు, పరాయి గైడు ఎత్తి రాసిన పేజీలో పెట్టకూడదు, సొంతవాడు నొక్కకూడదు, నొక్కమని అడగకూడదు. "ఇదీ ఛందస్సేరా. గణం కుదరకపోతే పద్యమే కాదు" అని ఎర్ర అక్షరాలు చెరిపించారు. నేను మళ్లీ సంధుల మధ్యకు వచ్చాను.

అసలు ముప్పు అటునుంచి రాలేదు, ప్రేమగా వచ్చింది. మనవాళ్లలో ఎవరైనా కొట్టు పెడితే వెళ్లి బోణీ చేయడం ఆనవాయితీ కదా. ఒక సంక్రాంతికి మాస్టారి బావమరిది ఇంట్లో ఇరవైమంది చేరారు. ఆ మూడు రోజులూ నా మీద నొక్కులే నొక్కులు. ఒకే వైఫై, అవే ఫోన్లు. నొక్కి, అవతలి పేజీ కూడా చూడకుండా వెనక్కి వచ్చేసేవారు. కనుమ నాడు బావమరిది ఫోన్ చేసి, "బావా, మా ఇంటిల్లిపాదీ నీ ప్రకటనలు నొక్కుతున్నాం. ఇంక నీకు లోటు లేదు!" అన్నాడు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు.

"ఆ డబ్బు ఎవరిస్తున్నారనుకున్నావు?" అన్నారు చివరికి.

"కంపెనీవాడు."

"కాదు. ఆ చీరల కొట్టువాడు. ఒక్కో నొక్కుకూ వాడి గల్లాపెట్టెలోంచి పోతుంది. అందులో నూటికి 68 వంతులు నాకు. మీ ఇంట్లో ఎవరైనా చీర కొన్నారా?"

అవతల ఫోన్లో గాలిపటాల గోల తప్ప మరేమీ వినపడలేదు.

ఆ నెల లెక్కలో చెల్లని నొక్కుల సొమ్ము తీసేశారు. నాలోకి వచ్చే ప్రకటనలకు కోత పెట్టారు. ఖాతానే మూసేయలేదు, అదృష్టం. నెల దాటేదాకా నేను దాదాపు తెల్లగానే ఉన్నాను. రెండు సంధుల మధ్య ఊడిన పన్నులా. మాస్టారు ఎవరినీ తప్పుపట్టలేదు, కొత్తగా వృత్యనుప్రాస మీద పాఠం రాశారు. కోత తీసేసిన రోజు మొదట వచ్చి కూర్చున్నది ఆవకాయ జాడీ బొమ్మ.

2024 నుంచి లెక్క మారింది. నొక్కుకు కాదు, కనపడినందుకే డబ్బు. అయినా నొక్కుడు నియమం నియమంగానే ఉంది. మార్చి వచ్చిందంటే పరీక్షల పిల్లలతో నాకు ఊపిరాడదు. జూన్‌లో ఈగలు తోలుకుంటాను. ఏడాది మొత్తం కలిపి హోస్టింగ్ ఖర్చు పోగా మాస్టారికి మిగిలేది కాఫీ పొడి డబ్బులు.

మొన్నొక సాయంత్రం మాస్టారు తన పేజీలో అచ్చుతప్పు దిద్దుతుండగా నాలోకి ఒక పుస్తకాల కొట్టు దిగింది. ఆయన ఏళ్లుగా వెతుకుతున్న నిఘంటువు, తగ్గింపు ధరతో. మౌస్ బాణం వచ్చి నా అంచున ఆగింది. వణికింది. వెనక్కి వెళ్లింది.

"ఏమేవ్, పెన్ను ఇలా పట్రా" అన్నారు.

నాలో కనిపిస్తున్న ఆ కొట్టు చిరునామాను కరెంటు బిల్లు వెనక రాసుకున్నారు. కొత్త కిటికీ తెరిచి, ఒక వేలితో, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టారు.